సముద్రపు ఒడ్డున మైనం కాయల పొద: బేబెర్రీయేనా? కొవ్వొత్తులకి, వంటకి పనికొస్తుందా?

ఇసుకతిన్నె:

అందరికీ నమస్కారం. మేం న్యూజెర్సీలో ఎడిసన్ దగ్గర ఉంటాం, వీలైనప్పుడల్లా సాండీ హుక్ బీచ్‌కి వెళ్తుంటాం. అక్కడ పార్కింగ్ నుంచి నీళ్ల దాకా వెళ్లే ఇసుక దారికి రెండు పక్కలా ఒక పొద దట్టంగా పెరిగి ఉంటుంది, చాలాచోట్ల మనిషెత్తు, గాలి తాకిడి లేని చోట ఇంకాస్త పైకి. ఇండియా నుంచి వచ్చిన మా అత్తయ్యగారు ఏ మొక్క కనపడినా ఆకు తుంచి నలిపి వాసన చూడకుండా వదలరు, దీన్ని నలిపి "ఇదేదో మసాలా ఆకేనమ్మా, పలావులో వేసుకునేది" అన్నారు. వాసన నిజంగానే చాలా బాగుంది, ఘాటుగా ఉంది కానీ ముక్కు మండదు.

కాయలు చూస్తే ఇంకా వింత. ఆకుల మధ్యలో ఉండవు, ఆకుల కింద ముదురు కొమ్మని అంటిపెట్టుకుని గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఒక్కోటి మిరియం గింజంత, పైన గరుకుగా, బూడిద కలిసిన తెలుపు రంగు. గోటితో గీకితే పొడిపొడిగా మైనం రాలి గోరు కింద చేరింది, లోపల గట్టి గింజ. నెట్‌లో వెతికితే బేబెర్రీ అని వస్తోంది, కానీ ఫోటోలు ఒక్కోచోట ఒక్కో రకం, ఒకదాంట్లో ఎర్ర కాయలు, ముళ్లు కూడా ఉన్నాయి.

ఇది బేబెర్రీయేనా? దీంతో కొవ్వొత్తులు చేస్తారన్నది నిజమైతే ఇంట్లో చేసుకోవచ్చా? క్రిస్మస్ ముందు షాపులో బేబెర్రీ అని రాసిన ఆకుపచ్చ కొవ్వొత్తి కొన్నాను, దాని వాసనకీ ఈ ఆకు వాసనకీ అసలు పొంతనే లేదు. ఆకు వంటలో వేయొచ్చా? ఇంకో సంగతి, మా మావయ్యగారికి బాపట్ల దగ్గర ఇసుక నేల ఉంది, ఉప్పు గాలి తట్టుకుంటుందంటే నాలుగు గింజలు తెచ్చిపెట్టమంటున్నారు. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

తోటపని_మేరీలాండ్:

ఇసుకతిన్నె గారూ, మీరు చెప్పిన గుర్తులు చాలు, అది బేబెర్రీయే. కాయ ఆకు మొదట్లో కాకుండా ముదురు కొమ్మ మీద గుత్తిగా పట్టి ఉండటం, పైన ఆ బూడిదరంగు మైనం, ఇంకేదీ అలా ఉండదు. మీ తీరంలో ఎక్కువగా ఉండేది ఉత్తరాది బేబెర్రీ, మోరెల్లా పెన్సిల్వానికా అంటారు, పాత పుస్తకాల్లో మోరెల్లా బదులు మైరికా అని కనిపిస్తుంది. కెనడాలో న్యూఫౌండ్‌ల్యాండ్ నుంచి కింద నార్త్ కరోలినా దాకా తీరం వెంట దానంతటదే పెరుగుతుంది. దక్షిణాదిలో ఉండే దీని చుట్టం వ్యాక్స్ మిర్టిల్, అది న్యూజెర్సీ దక్షిణపు కొసన మొదలై ఫ్లోరిడా, టెక్సస్ దాకా ఉంటుంది, ఏడాదంతా పచ్చగా ఉండి ఇరవై అడుగుల చెట్టు కూడా అవుతుంది. మీది చలికాలంలో చాలావరకు ఆకు రాలుస్తుంది, కాయ మాత్రం రాలదు, అందుకని డిసెంబర్, జనవరిల్లో వెళ్తే ఇంకా తేలిగ్గా పోల్చుకోవచ్చు. ముళ్లు, ఎర్ర కాయలు ఉన్న ఫోటో బార్బెర్రీది అయ్యుంటుంది, దానికీ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మళ్లీ వెళ్లి కొమ్మలు పట్టుకునే ముందు ఒక్క మాట వినండి. సాండీ హుక్‌లో పాయిజన్ ఐవీ అనే విషపు తీగ విపరీతంగా ఉంటుంది, చాలాచోట్ల బేబెర్రీ గుబురులోంచే పైకి పాకుతుంది, దాని కాయలు కూడా తెల్లగా చిన్నవిగా గుత్తులుగానే ఉంటాయి. తేడా ఆకులో చూడాలి. పాయిజన్ ఐవీకి ఒక కాడకి మూడు ఆకులు కలిసి ఉంటాయి, బేబెర్రీకి ఆకులు విడివిడిగా, పొడుగ్గా, కొస దగ్గర వెడల్పుగా, మధ్యనుంచి కొస దాకా మాత్రమే సన్నని గాట్లతో ఉంటాయి. శీతాకాలంలో ఆకు లేనప్పుడు రెండూ కలిసిపోయి ఉంటే వాసన చూసి తేల్చుకుందామని అసలు నలపకండి, పాయిజన్ ఐవీ ఉత్త కొమ్మ తగిలినా ఒళ్లంతా దద్దుర్లు లేచి వారాల తరబడి దురద పెడుతుంది. అత్తయ్యగారికి ఇది తప్పకుండా చెప్పండి. పిడుదులు కూడా ఉంటాయి, లైమ్ జబ్బు వచ్చేది వాటివల్లే. గుబురులోకి దూరితే ఇంటికొచ్చి మోకాళ్ల వెనక, నడుం దగ్గర, పిల్లలకైతే జుట్టులోనూ చూసుకోవాలి.

మొక్క సంగతికొస్తే, దీంట్లో ఆడ మొక్క వేరు, మగ మొక్క వేరు. కాయ ఆడదానికే వస్తుంది, దగ్గర్లో మగది లేకపోతే దానికీ రాదు. పువ్వు వసంతంలో వస్తుంది కానీ రేకులుండవు, పుప్పొడి గాలికే ఎగిరి చేరుతుంది, అందుకే చాలామంది పూసినట్టే గమనించరు. నర్సరీలో కొంటే సెప్టెంబర్, అక్టోబర్‌లో కొనండి, కాయలున్న మొక్క ఆడదని కళ్లతో చూసి తీసుకోవచ్చు.

వత్తి_వెలుగు:

మాది మసాచుసెట్స్, ఇంటి వెనక బేబెర్రీ పొదలు ఉన్నాయి, చలి ముదిరేలోపు కాయ దూసి మైనం తీస్తుంటాను, కాబట్టి కొవ్వొత్తుల గురించి నేను చెప్తాను.

చేయడం కష్టం కాదు, ఓపిక కావాలంతే. కాయ దూసేటప్పుడే ఆకులు, పుల్లలు ఏరేయాలి. స్టీలు గిన్నెలో కాయలు మునిగి ఇంకాస్త పైకి వచ్చేలా నీళ్లు పోసి సన్నని సెగ మీద పెట్టాలి, తెర్లనివ్వకూడదు. కాసేపటికి మైనం కరిగి పైకి తేలుతుంది, గింజలు అడుక్కి దిగుతాయి, ఇల్లంతా ఆ వాసన పట్టేస్తుంది. ఒకసారి గుడ్డలో వడకట్టి గింజలు తీసేసి, ఆ నీళ్లు కదపకుండా రాత్రంతా వదిలేస్తే పొద్దుటికి పైన పలచని బిళ్ల కడుతుంది. పచ్చదనం కలిసిన బూడిద రంగులో ఉంటుంది, అడుగున కొంచెం మడ్డి అంటుకుంటుంది. ఆ మడ్డి చాకుతో గీకేసి, ఇంకోసారి కరిగించి పాత పంచె ముక్కలాంటి నూలు గుడ్డలో వడకడితే శుభ్రమైన మైనం వస్తుంది. రెండోసారి కరిగించేటప్పుడు మాత్రం నేరుగా మంట మీద పెట్టకండి, వేడినీళ్ల గిన్నెలో ఇంకో గిన్నె పెట్టి కరిగించండి, మైనం అంటుకుంటే నీళ్లు పోసి ఆర్పలేం.

ఎంత వస్తుందనేదే అసలు సంగతి. ఒక పౌను మైనానికి పదిహేను పౌన్ల దాకా కాయ కావాలన్నది కొవ్వొత్తులు చేసేవాళ్లు చెప్పే లెక్క. మిరియం గింజంత కాయలు పదిహేను పౌన్లు! ఇంటి దగ్గర ఉన్న ఒకటి రెండు పొదలతో ఒక చిన్న కొవ్వొత్తికి సరిపడా వస్తే అదే గొప్ప. పైగా ఈ మైనం ఉత్తదే వాడితే పెళుసుగా ఉండి చిట్లుతుంది, అందుకే చాలామంది తేనెమైనం కలుపుతారు, నేనూ అంతే. తేనెమైనం 62–64 డిగ్రీల దగ్గర కరుగుతుంది, ఇది 40–48 మధ్యలోనే. నిజానికి రసాయన శాస్త్రం ప్రకారం ఇది మైనం కూడా కాదు, కొవ్వు. పామిటిక్, మిరిస్టిక్ ఆమ్లాలతో ఏర్పడిన గ్లిజరైడ్లే ఎక్కువ. అందుకే దీనికి క్షారం కలిపితే మంచి సబ్బు అవుతుంది, గడ్డం గీసుకునే సబ్బుకి దీన్ని పాతకాలంలో బాగా మెచ్చుకునేవాళ్లు. ఇప్పుడు కూడా కొన్ని క్రీముల డబ్బాల మీద మైరికా సెరిఫెరా ఫ్రూట్ వ్యాక్స్ అని చిన్న అక్షరాల్లో కనిపిస్తుంది.

ఇంత తక్కువ వచ్చేదాని కోసం అప్పట్లో ఎందుకు అంత కష్టపడ్డారంటే, ఇంగ్లండ్ నుంచి వచ్చి స్థిరపడిన వాళ్లకి మామూలుగా దొరికేది పశువుల కొవ్వుతో చేసిన కొవ్వొత్తి. అది వేసవిలో మెత్తబడి వంగిపోతుంది, జిడ్డు కారుతుంది, ఆర్పినప్పుడు వచ్చే కంపు భరించలేం. దాని పక్కన ఈ కొవ్వొత్తి పెడితే చేతికి జిడ్డంటదు, పొగ తక్కువ, ఆర్పితే పరిమళం. వర్జీనియా గురించి రాబర్ట్ బెవర్లీ అనే ఆయన 1705లో రాస్తూ, కొంతమంది షోకైనవాళ్లు ఆ ఆరిపోయే వత్తి వాసన కోసమే వెలుగుతున్న కొవ్వొత్తిని కావాలని ఆర్పేవాళ్లని చెప్పాడు. నాకు ఈ విషయం ఎంత ఇష్టమో చెప్పలేను, ఎందుకంటే నేను కూడా చూశాను, వెలుగుతున్నప్పుడు వాసన పెద్దగా తెలియదు, ఆర్పిన ఆ నిమిషంలోనే గది నిండుతుంది. 1748లో స్వీడన్ నుంచి వచ్చిన పీటర్ కామ్, మొక్కలకి శాస్త్రీయ నామాలు పెట్టిన లిన్నేయస్‌కి శిష్యుడు, ఆయన కూడా ఈ పొద గురించి, కొవ్వొత్తుల గురించి, సబ్బు గురించి వివరంగా రాసుకున్నాడు. లిన్నేయస్ 1753లో దక్షిణాది రకానికి సెరిఫెరా అని పేరు పెట్టాడు, మైనం మోసేది అని.

కాయ కోసం జనం ఎగబడటం ఎంత దూరం వెళ్లిందంటే, న్యూయార్క్ లాంగ్ ఐలాండ్‌లో బ్రూక్‌హేవెన్ ఊరివాళ్లు 1687లోనే సెప్టెంబర్ 15కి ముందు కాయ కోయకూడదని, కోస్తే పదిహేను షిల్లింగుల జరిమానా అని కట్టడి పెట్టుకున్నారు. పండకముందే దూసేస్తే ఎవరికీ మైనం దక్కదు కదా.

షాపులో మీరు కొన్న ఆకుపచ్చ కొవ్వొత్తి మామూలు పారఫిన్‌దే అయ్యుంటుంది, దాంట్లో బేబెర్రీ పేరున్న సెంటు కలుపుతారు. అసలు మైనంతో చేసినదైతే ధర చూసే తెలిసిపోతుంది, రంగు కూడా అంత నిగనిగలాడే పచ్చగా ఉండదు, మసక పచ్చ. క్రిస్మస్ ముందురోజు రాత్రో కొత్త సంవత్సరం ముందురోజు రాత్రో బేబెర్రీ కొవ్వొత్తి ఒకటి మొదలుపెట్టి పూర్తిగా అయిపోయేదాకా వెలిగిస్తే ఆ ఏడాది ఇంట్లో తిండికీ డబ్బుకీ లోటుండదని న్యూ ఇంగ్లండ్‌లో ఒక నమ్మకం, ఇప్పటికీ కొన్ని ఇళ్లలో పాటిస్తారు. ఆ సీజన్లో షాపులన్నీ దీన్ని అమ్మడం దానివల్లే.

పిట్టలదొర:

పై పోస్ట్ చదివి చాలా సంతోషం వేసింది, కానీ ఇసుకతిన్నె గారికి ఒక విన్నపం. ఇంటి దగ్గర సొంత పొద ఉంటే ఎంతైనా దూసుకోండి, బీచ్ దిబ్బల మీద మాత్రం దయచేసి కోయకండి. సాండీ హుక్ నేషనల్ పార్క్ సర్వీస్ కింద ఉంది, అక్కడ మొక్కలు, కాయలు తీసుకోవడానికి రూల్స్ ఉంటాయి, రేంజర్‌ని అడక్కుండా కొమ్మ విరవకూడదు. రూల్ ఒక్కటే కాదు నేను చెప్పేది.

అక్టోబర్‌లో ఒక్కసారి న్యూజెర్సీ కింది కొసకి, కేప్ మేకి వెళ్లి చూడండి. యెల్లో-రంప్డ్ వార్బ్లర్ అని పిచ్చుకకన్నా చిన్న పిట్ట, తోక మొదట్లో పసుపు మచ్చ ఉంటుంది, తూర్పు తీరంలో దాన్నే మిర్టిల్ వార్బ్లర్ అంటారు. ఈ పొదల్లో వందలకొద్దీ వాలి ఉంటాయి. మిగతా వార్బ్లర్లు చాలావరకు పురుగులు దొరకని చలి రాగానే దక్షిణానికి వెళ్లిపోతాయి, ఇది మాత్రం న్యూజెర్సీలోనూ ఇంకా పైనా చలికాలమంతా ఉండగలదు. ఎలాగంటే దీనికి బేబెర్రీ మైనం అరుగుతుంది. చాలా పక్షులకి ఆ గట్టి కొవ్వు అరగదు, దీనికి పిత్త లవణాలు చాలా చిక్కగా ఉండటం, కొవ్వు పేగుల్లో నెమ్మదిగా కదలడం వల్ల తిన్న మైనంలో ఎనభై శాతానికి పైగా ఒంటికి పడుతుందని పరిశోధకులు కొలిచి చెప్పారు. ట్రీ స్వాలోలు కూడా అంతే, అవి మామూలుగా గాల్లో పురుగుల్ని పట్టే పిట్టలు, వలస వెళ్లేటప్పుడు ఒక్కసారిగా మేఘం దిగినట్టు వేలకొద్దీ పొద మీద వాలి, కాయలు లాక్కుని మళ్లీ లేచిపోతాయి. నా కెమెరాలో ఇలాంటివి ఎన్ని తీసినా, ఎదురుగా చూసినదానిలో పదో వంతు కూడా కనపడదు.

కాబట్టి దిబ్బ మీద కాయ అంటే జనవరి, ఫిబ్రవరిలో ఆ పిట్టకి ఉన్న కొద్దిపాటి తిండిలో ఒకటి. మనకి అదొక సరదా, దానికి అది ఆ రాత్రి గడిచే దారి. దిబ్బకి కూడా ఆ పొదే అండ, వేళ్లు, పిలకలు ఇసుకని పట్టి ఉంచుతాయి, తుఫాను అలలు వచ్చినప్పుడు దిబ్బ చెదరకుండా ఆపేవాటిలో ఇదొకటి. దారి దాటి గుబురులోకి తొక్కుకుంటూ వెళ్లడం వల్ల పోయేది కాయ ఒక్కటే కాదు.

మందులషాపు_షార్లెట్:

నేను నార్త్ కరోలినాలో ఫార్మసిస్ట్‌ని, వంట సంగతీ మందు సంగతీ చెప్తాను, ఈ మధ్య మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో "బేబెర్రీ బెరడు కషాయం" అని ఏదో తిరుగుతోంది కాబట్టి కొంచెం గట్టిగానే చెప్పాలి.

ఆకు వంటలో వేస్తారు. న్యూ ఇంగ్లండ్‌లో చేపల పులుసుల్లో, మాంసం ఉడికించేటప్పుడు బే లీఫ్ బదులు ఒకటి రెండు ఆకులు వేసి, వడ్డించే ముందు తీసేస్తారు. కానీ మన బిర్యానీ ఆకు రుచి వస్తుందనుకుని వేయకండి. మన బిర్యానీ ఆకు దాల్చిన చెక్క కుటుంబానిది, ఇటలీవాళ్లు వాడే బే లీఫ్ ఇంకో చెట్టుది, బేబెర్రీ ఈ రెండిటికీ చుట్టం కాదు. దీనిలో బంక వాసన ఎక్కువ, రెండు ఆకులకే కూర మొత్తం అదే వాసన. చేపల పులుసులో చింతపండు తగ్గించి ఒక్క ఆకు వేసి చూస్తే ఫరవాలేదు, పలావుకి నాకైతే నచ్చలేదు.

మందుగా చూస్తే దీని వేరు బెరడుకి పెద్ద చరిత్రే ఉంది. చోక్టావ్ తెగవాళ్లు వ్యాక్స్ మిర్టిల్ ఆకులు, కాడలు మరిగించి జ్వరానికి తాగేవాళ్లు. 1800 తర్వాత శామ్యూల్ థామ్సన్ అనే మూలికా వైద్యుడు తన మందుల్లో బేబెర్రీ వేరు బెరడుకి పెద్ద పీట వేశాడు, విరేచనాలకి, జలుబుకి, గొంతు నొప్పికి పుక్కిలించడానికి దాన్ని వాడేవాళ్లు. దానిలో టానిన్లు బాగా ఎక్కువ, కరక్కాయ కొరికితే నోరు ఎలా పట్టేస్తుందో ఆ వగరు దీనిలోనూ ఉంటుంది, పుక్కిలిస్తే గొంతుకి హాయిగా ఉందన్నవాళ్లు అబద్ధం చెప్పలేదు. కానీ ఎక్కువ మోతాదు వాంతి తెప్పిస్తుంది, అప్పట్లో వాంతి కోసమే ఇచ్చిన సందర్భాలున్నాయి. ఒంట్లో ఉప్పు నిలవ ఉండేలా చేసే గుణం ఉందని మూలికల హెచ్చరికల్లో రాస్తారు, అంటే బీపీ ఉన్నవాళ్లు, గుండె, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు దాని జోలికి వెళ్లకూడదు. కడుపుతో ఉన్నవాళ్లు, పాలిచ్చే తల్లులు అసలొద్దు. మీ అత్తయ్యగారు బీపీ మాత్రలు వాడుతుంటే కషాయం మాట ఎత్తకండి. ఇంతకన్నా మంచి మందులు ఇప్పుడు ఉన్నాయి, రోజూ తాగే టీ కాదిది.

ఇక్కడ దక్షిణాదిలో పాత ఇళ్లవాళ్లు వ్యాక్స్ మిర్టిల్ కొమ్మలు బట్టల బీరువాల్లో పెట్టేవాళ్లు, పురుగులు రావని. అది చేసుకోవచ్చు, వాసన బాగుంటుంది. ఇంకో జాగ్రత్త, ఆ వాసన ఇచ్చే నూనెలవల్లే ఆకు పచ్చిగా ఉన్నా భగ్గున మండుతుంది. ఫ్లోరిడాలో అడవి మంటలొచ్చే ప్రాంతాల్లో వ్యాక్స్ మిర్టిల్‌ని ఇంటి గోడకి దగ్గరగా పెట్టొద్దని చెప్తారు.

సరుగుడుతోట:

మాది బాపట్ల వైపే అండి, తీరం పక్కనే. మీ మావయ్యగారి ఆలోచన అర్థమైంది, ఇసుకలో ఉప్పు గాలికి నిలిచే మొక్క కావాలని. కానీ గింజలు తేవద్దనే చెప్తాను, దానికి కారణాలున్నాయి.

ఒకటి, ఈ ఉత్తరాది బేబెర్రీకి చలికాలం కావాలి. గింజ మీద మైనం గీకేసి మూడు నెలల పాటు తడి చల్లదనంలో ఉంచితే గానీ సరిగ్గా మొలవదు. మన దగ్గర మే నెల వేడికి ఆ మొక్క బతికి బట్టకట్టడం కష్టం. అన్నట్టు ఆ మైనం 45 డిగ్రీల దగ్గర కరుగుతుందంటే రెంటచింతల ఎండకి కొవ్వొత్తి గూట్లోనే వంగిపోతుంది. రెండు, విదేశాల నుంచి గింజ తేవాలంటే 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం ముందుగా ఇంపోర్ట్ పర్మిట్, అక్కడినుంచి ఫైటోశానిటరీ సర్టిఫికెట్, అంటే తెగుళ్లు లేవని ఇచ్చే పత్రం, ఉండాలి. సూట్‌కేసులో కవర్లో వేసుకుని వచ్చేది కాదు. ఆ నిబంధన ఊరికే పెట్టలేదు. ఇదే కుటుంబంలోది, అజోర్స్ దీవుల మొక్క, మోరెల్లా ఫాయా అని, పోర్చుగీసువాళ్లు 1800ల చివర్లో హవాయికి తెచ్చుకున్నారు. నత్రజని లేని కొత్త లావా నేలల్లో అది పడి నేలలో నత్రజని పెంచేసి, అక్కడి సొంత మొక్కల్ని తోసేసింది. హవాయి వోల్కేనోస్ నేషనల్ పార్కులో దాన్ని తీయడానికి ఇప్పటికీ తంటాలు పడుతున్నారు.

ఆ నత్రజని సంగతే నాకు ఈ థ్రెడ్‌లో అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించింది. బేబెర్రీ వేళ్ల మీద బుడిపెలుంటాయి, వాటిలో ఫ్రాంకియా అనే సూక్ష్మజీవి గాల్లో నత్రజనిని పట్టి మొక్కకి ఇస్తుంది, అందుకే ఎరువు లేకుండా ఉత్త ఇసుకలో అంత గుబురుగా పెరుగుతుంది. మన సరుగుడు కూడా ఫ్రాంకియాతోనే బతుకుతుంది! వేరుశనగ, జీలుగ, పిల్లిపెసర లాంటి పప్పుజాతి మొక్కలకి ఉండేది రైజోబియం, ఇది వేరు. బాగా పెరిగిన సరుగుడు మొక్క మొదలు దగ్గర ఇసుక మెల్లగా తవ్వి చూడండి, వేలి కణుపులంత బుడిపెలు గుత్తులుగా కనిపిస్తాయి. నర్సరీలో నారు పోసేటప్పుడు పాత సరుగుడు తోటలోని మట్టి గుప్పెడు కలిపేది దానికోసమే. అంచేత మావయ్యగారికి అమెరికా మొక్క చేసే పనంతా చేసి, పైగా కర్ర మీద డబ్బు కూడా ఇచ్చే చెట్టు ఊళ్లోనే ఉంది, సెంట్రింగ్‌కి పోతుంది, పేపరు మిల్లుకీ పోతుంది. గట్టు మీద రెండు వరసలు పెట్టి దాని చాటున జీడిమామిడి వేసుకోమనండి.

డెహ్రాడూన్_తెలుగు:

సరుగుడుతోట గారు చెప్పింది చదివాక ఒకటి కలపాలనిపించింది. బేబెర్రీకి మన దేశంలో సొంత చుట్టం ఉంది, కాఫల్, మైరికా ఎస్కులెంటా. హిమాలయాల్లో హిమాచల్, ఉత్తరాఖండ్‌ల నుంచి తూర్పున మేఘాలయ ఖాసీ కొండల దాకా పెరుగుతుంది. ఇక్కడ మే, జూన్ నెలల్లో నైనితాల్, అల్మోడా దారుల్లో బుట్టల్లో పోసి అమ్ముతారు, ఎర్రగా, చిన్న రేగుపండుకన్నా తక్కువ సైజు, పైన గరుకు. ఉప్పు చల్లుకుని నోట్లో వేసుకుంటే తీపి, పులుపు, కొంచెం వగరు. కోసిన రెండు మూడు రోజుల్లోనే పాడైపోతుంది కాబట్టి హైదరాబాద్‌లో దొరకాలని ఎదురుచూడకండి. మైనం తీసేంత దీనికి ఉండదు, అది అమెరికా రకాల గొప్ప. దీనికీ ఆడ, మగ చెట్లు వేరు, వేళ్లలో ఫ్రాంకియా కూడా ఉంటుంది.

దీని బెరడే ఆయుర్వేదంలో కట్ఫలం. ఊళ్లో పచారీ కొట్టువాళ్లు కాయఫలం అనో కైఫల్ అనో పొట్లం కట్టి ఇస్తారు, పొడి ముక్కు దగ్గర పెడితే తుమ్ములు ఆగవు, పడిశం పట్టినప్పుడు వాడేది అందుకే. అమెరికాలో థామ్సన్ జలుబుకి వాడిన చెట్టూ, మన వైద్యులు కఫానికి వాడిన చెట్టూ ఒకే కుటుంబం, రెండు చోట్లా బెరడే. బెరడు చుట్టూ వలిచేస్తే చెట్టు నిలువునా ఎండిపోతుంది, కొండల్లో అలా మోడైన కాఫల్ చెట్లు చూసి చాలా బాధపడ్డాను. కొనేవాళ్లు తక్కువ కొనండి, అవసరమైతేనే కొనండి.

ఇసుకతిన్నె:

ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు, అందరికీ చాలా థాంక్స్ అండీ. పాయిజన్ ఐవీ ఫోటోలు అత్తయ్యగారికి చూపించాను, ఇకనుంచి నలిపే ముందు ఆకులు లెక్కపెడతానన్నారు. ఆవిడకి బీపీ ఉంది, కాబట్టి కషాయం మాటే లేదు. మావయ్యగారికి సరుగుడు పోస్ట్ చదివి వినిపించాను, వేళ్ల బుడిపెలు తవ్వి చూసి ఫోటో పంపుతానన్నారు. బీచ్‌లో కోయం, మాటిస్తున్నా.

మా పెరట్లో పెట్టుకోవాలని గట్టిగా అనిపిస్తోంది. వెనక కంచె పొడుగునా ఖాళీ ఉంది, మధ్యాహ్నం దాకా ఎండ, నేల కాస్త బంకమట్టి. జింకలు వచ్చి అన్నీ మేసేస్తాయి, గులాబీ ఒక్కటి మిగలనివ్వలేదు. బేబెర్రీ బతుకుతుందా? ఎన్ని పెట్టాలి?

తోటపని_మేరీలాండ్:

బతుకుతుంది, నిక్షేపంగా. జింకలు ఆ ఘాటుకి పెద్దగా ముట్టవు, మిగతాదేమీ దొరకని మంచు రోజుల్లో చివుళ్లు కొరికినా మళ్లీ వేస్తుంది. ఎండ సగం రోజు ఉంటే చాలు, ఎక్కువైతే కాయ ఎక్కువ. బంకమట్టి కూడా తట్టుకుంటుంది కానీ సున్నం ఎక్కువున్న నేలలో ఆకు పసుపుబారిపోతుంది, కొంచెం పుల్లని నేల కావాలి. న్యూజెర్సీలో చాలాచోట్ల నేల అలాగే ఉంటుంది, అయినా పదిహేను డాలర్ల లోపు దొరికే పీహెచ్ కిట్‌తో ఒకసారి చూసుకోండి. ఎరువు వేయొద్దు, పైన చెప్పారుగా, తన నత్రజని తనే తెచ్చుకుంటుంది, మనం వేస్తే కొమ్మలు సాగి వాలిపోతాయి తప్ప లాభం లేదు.

మగది ఒకటి, ఆడవి మూడో నాలుగో పెట్టండి. ఒక్కోదానికి ఆరేసి అడుగులు వదలండి, వేళ్ల నుంచి పిలకలు వేస్తూ అదే ఆ ఖాళీ నింపుకుంటుంది. కంచెకి కనీసం నాలుగైదడుగులు ఎడం ఉండాలి, లేకపోతే పిలకలు పక్కింట్లోకి వెళ్తాయి, ఏటా పారతో కోయాల్సి వస్తుంది. పెట్టిన మొదటి వేసవి వారానికోసారి బాగా తడపండి, తర్వాత వాన నీళ్లు చాలు. కత్తిరింపు చలికాలం చివర్లో చేయొచ్చు, కానీ కాయ వచ్చేది ముదురు కొమ్మ మీద కాబట్టి చుట్టూ గుండ్రంగా కత్తిరించి బొమ్మలా చేయాలని చూడకండి, పొడుగైన కొమ్మల్ని ఒక్కోటీ మొదట్లోకి తీసేయండి. మీది హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) ఉన్న కాలనీ అయితే కొనకముందే ఎత్తు గురించి అడగండి, కొన్నిచోట్ల కంచె పక్కన ఆరడుగులు దాటనివ్వరు, ఇది ఎనిమిది పదడుగులు అవుతుంది. నర్సరీవాళ్లని ఇక్కడి విత్తనంతో పెంచినదేనా అని అడగండి, సెప్టెంబర్ రెండో వారం తర్వాత వెళ్తే కాయతో ఉన్నవి చూసి ఏరుకోవచ్చు. మగది మాత్రం కాయ లేని మొక్కల్లోంచి ఊరికే ఏరకండి, చిన్న ఆడ మొక్కకి కూడా మొదట్లో కాయ ఉండదు, లేబుల్ మీద మగ అని రాసి ఉన్నదే తీసుకోండి.